మిగతా 23 గంటలు

ఫిజియోథెరపిస్టు వచ్చారు. నాన్నగారి చెయ్యి ఎత్తించారు, దించారు. మంచం మీంచి లేపి నాలుగడుగులు వేయించారు. "ఇవాళ బాగా చేశారండీ, రేపొస్తాను" అని వెళ్ళిపోయారు. మీరు గేటు దాకా వెళ్ళి తలుపేసి వచ్చేసరికి నాన్నగారు మళ్ళీ వెల్లకిలా పడుకున్నారు. ఇక లేచేదెప్పుడు? రేపు ఆయనొచ్చాక.

మీ ఇంట్లో కూడా ఇదే జరుగుతోందా? అయితే డబ్బూ ఓపికా ఖర్చవుతున్నా ఫలితం ఎందుకు కనబడటం లేదో మీకు సగం తెలిసిపోయినట్టే. మోకాలైనా, పక్షవాతమైనా, తూలుడైనా, ఒళ్ళు నేర్చుకునేది మళ్ళీ మళ్ళీ చేసిన పనినే. రోజుకు పదిసార్లు లేచే మనిషికి లేవడం వస్తుంది. 23 గంటలు పడుకున్న మనిషికి పడుకోవడమే వస్తుంది. థెరపిస్టు వచ్చే ఆ ఒక్క గంట దారి చూపడానికి. నడిచేది మిగతా 23 గంటల్లో. ఆ గంటల్ని ఎలా వాడుకోవాలో చూద్దాం.

1. మొదటి రోజు ఏం అడగాలి?

అందరూ అడిగేది ఒకటే: "ఎన్నాళ్ళకు తగ్గుతుందండీ?" ఆ రోజున దీనికి ఖచ్చితమైన జవాబు ఎవరి దగ్గరా ఉండదు. దాని బదులు ఈ మూడూ అడగండి. మీరు లేనప్పుడు మేం ఏవేవి చేయించాలి, రోజుకు ఎన్నిసార్లు? ఏం చేయకూడదు? నొప్పి ఎంతవరకు ఫర్వాలేదు, ఎక్కడ ఆపాలి? చెప్పినవి కాగితం మీద రాయించుకోండి. ఒకసారి అనుమతి అడిగి ఫోన్లో వీడియో తీసుకోండి. వారం తిరిగేసరికి చెయ్యి ఏ వైపు తిప్పమన్నారో ఇంట్లో తలొక మాట చెబుతారు. అప్పుడు ఆ వీడియోనే దిక్కు.

మీకేం కావాలో కూడా స్పష్టంగా చెప్పండి. "బాగా నడవాలి" అంటే సరిపోదు. "ఎవరూ పట్టుకోకుండా బాత్రూమ్‌కి వెళ్ళి రావాలి", "తన చేత్తో అన్నం కలుపుకుని తినాలి", "గుడిలో ఆ ఐదు మెట్లూ ఎక్కాలి" అనండి. అప్పుడు ఆ పనికి ఏ కండ కావాలో, ఏ కీలు వంగాలో చూసి దానికి తగ్గ వ్యాయామమే ఎంచి చేయిస్తారు.

చూసేవాళ్ళు చదువుకున్నవాళ్ళేనా అన్నది అడగడానికి మొహమాటపడకండి. ఫిజియోథెరపీలో బీపీటీ డిగ్రీ ఉందా, మీ సమస్యలాంటివి ఇంతకుముందు చూశారా అని అడగడం మీ హక్కు. ఈ వృత్తికి దేశమంతటికీ వర్తించే చట్టం 2021లో వచ్చింది. ఇంటికి పిలిపించుకునే స్తోమత లేకపోతే జిల్లా ఆసుపత్రిలో ఫిజియోథెరపీ విభాగం ఉందేమో కనుక్కోండి. హైదరాబాదు నిమ్స్‌లో, తిరుపతి స్విమ్స్‌లో ఫిజియోథెరపీ కళాశాలలే నడుస్తున్నాయి.

2. కరెంటు పెట్టించుకుని వచ్చేయకండి

"పది రోజులు కరెంటు పెట్టించుకున్నానండీ, పెట్టినన్నాళ్ళూ బాగుంది, మానేయగానే మళ్ళీ మొదలు." ఈ మాట మీరు ఎంతమంది నోట విని ఉంటారు? యంత్రం పెట్టినప్పుడు హాయిగా ఉండొచ్చు, కాదనను. కానీ తొడ కండకు బలం యంత్రంతో రాదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ 2022లో కీళ్ళ అరుగుదల గురించి ఏం చెప్పిందో చూడండి: వ్యాయామం అందరికీ ఇవ్వాలి. అల్ట్రాసౌండ్, టెన్స్ లాంటి కరెంటు చికిత్సలు మాత్రం ఇవ్వొద్దు, వాటితో మేలు జరుగుతుందనడానికి తగినంత ఆధారం లేదు. అరగంట యంత్రం పెట్టి, ఒక్క వ్యాయామమూ నేర్పకుండా పంపించేస్తున్నారా? "ఇంట్లో చేసుకోవడానికి ఏమిస్తున్నారండీ?" అని నిలబడి అడగండి.

షుగర్ ఉన్నవాళ్ళకు ఇంకో జాగ్రత్త. పాదాలకు స్పర్శ తగ్గి ఉంటే వేడి కాపడం ఎంత కాలుతోందో తెలియదు, బొబ్బలెక్కాక గానీ బయటపడదు. స్పర్శ లేని చోట వేడి సంచీ పెట్టకండి.

3. మోకాలు: విశ్రాంతి కాదు, బలం ఇవ్వండి

"గుజ్జు అరిగిపోయిందట, ఇక నడవకూడదట." ఎక్స్‌రే చూపించి ఎవరో అన్న ఈ ఒక్క మాటతో ఎందరో అమ్మలు కుర్చీకి అతుక్కుపోయారు. కూర్చునే కొద్దీ తొడ ముందు కండ సన్నబడుతుంది. ఆ కండ మోయాల్సిన బరువు కీలు మీద పడుతుంది. నొప్పి పెరుగుతుంది. నొప్పి అని ఇంకా కూర్చుంటారు. ఈ చుట్టు ఎక్కడో ఒకచోట తెగాలి కదా? తెంచాల్సింది కండ దగ్గరే.

మొదలుపెట్టడానికి మంచం చాలు. కాళ్ళు చాపి కూర్చోండి. ఒక తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టండి. ఆ తువ్వాలును మోకాలితో కిందకు నొక్కండి. తొడ మీద చెయ్యి వేసి చూసుకోండి, కండ రాయిలా బిగుసుకోవాలి. బిగుసుకోకపోతే మీరు నొక్కుతున్నది మడమతో అన్నమాట. ఐదు అంకెలు పైకి లెక్కపెట్టి వదలండి. పైకే ఎందుకంటే, లెక్కపెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టడం కుదరదు. బీపీ ఉన్నవాళ్ళకు ఇది ముఖ్యం. ఒక్కో కాలికి పదిసార్లు, పూటకొకసారి.

అది తేలికయ్యాక వెల్లకిలా పడుకుని ఒక కాలు మడిచి, రెండో కాలు నిటారుగా ఒక అడుగు ఎత్తు లేపి, ఐదు అంకెలు ఆపి, మెల్లగా దించండి. ధబేలున దించేస్తే సగం లాభం పోతుంది. ఆ తర్వాత కుర్చీలోంచి లేవడం. అది వ్యాయామాలన్నింటికీ రాజు కాబట్టి దానికి విడిగా చోటిస్తున్నాను.

నొప్పి వస్తే? వస్తుంది, మొదటి రెండు వారాలు కొంచెం వస్తుంది. నొప్పిని సున్నా నుంచి పది దాకా కొలుచుకోండి. ఐదు దాటకుండా ఉండి, మర్నాటి పొద్దుటికి మామూలు స్థాయికి దిగిపోతే భయం లేదు, సాగించండి. మర్నాడు కూడా వాపు, సలుపు ఉంటే నిన్న ఎక్కువ చేశారన్నమాట. పూర్తిగా మానేయకండి, సగానికి తగ్గించండి. ఫలితం తెలియడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. చాలామంది మూడో వారంలో మానేసి "మాకు పనిచేయలేదు" అంటారు.

బరువు ఎక్కువుంటే ఒక లెక్క ఉత్సాహాన్నిస్తుంది. ఒంట్లో ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద పడే భారం దాదాపు నాలుగు కిలోలు తగ్గుతుంది. మూడు కిలోలు తగ్గినా చాలు, మోకాలికి పన్నెండు కిలోల తెరిపి.

చేతికర్ర ఏ చేత్తో పట్టుకోవాలి? నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు చాలామంది. అది తప్పు. కుడి మోకాలు నొప్పి అయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి, కుడి కాలితో పాటే కర్రా ముందుకు పడాలి. చెయ్యి వేలాడేసి నిలబడితే కర్ర పిడి మణికట్టు మడత దగ్గరకు రావాలి. మెట్లెక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు నొప్పి కాలు.

మోకాలి మార్పిడి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకు ఒక్క మాట. హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుని గంటలు గంటలు పడుకోకండి. కాలు వంగిన చోటే బిగుసుకుపోయి పూర్తిగా చాపడం రాదు. దిండు పెట్టాలనిపిస్తే మడమ కింద పెట్టండి.

4. కుర్చీలోంచి లేవడం

"అమ్మా, నువ్వు కూర్చో, నీళ్ళు నేను తెస్తాగా!" ఈ మాటలో ఎంత ప్రేముందో నాకు తెలుసు. కానీ ఆవిడ లేవగలిగినప్పుడు ఇలా అన్న ప్రతిసారీ ఒక వ్యాయామం పోయింది. పక్కన నిలబడండి, తోడుండండి, తొందరపెట్టకండి. లేవనివ్వండి.

లేవడం రాక చంకల కింద చేతులు వేసి లాగాల్సి వస్తోందా? ఎలా లేస్తున్నారో ఒకసారి గమనించండి. వీపు వెనక్కి ఆనించి, కాళ్ళు ముందుకు చాపి ఉంచి, అలాగే లేవాలని చూస్తారు. అలా మీరూ నేనూ కూడా లేవలేం. ఇలా నేర్పండి: ముందు కుర్చీ అంచుకు జరగాలి. పాదాలు వెనక్కి లాక్కోవాలి, మోకాళ్ళ కన్నా కొంచెం వెనక్కి. ఇప్పుడు ముక్కు కాలివేళ్ళకు ఎదురుగా వచ్చేదాకా ముందుకు వంగాలి. ఇక్కడే భయపడతారు, ముందుకు పడిపోతామని. మీరు ఎదురుగా కూర్చుని "నా వైపు రా అత్తయ్యా, ఇంకొంచెం" అంటే ధైర్యం వస్తుంది. పిరుదులు వాటంతటవే తేలతాయి. అప్పుడు కాళ్ళతో నేలను తన్ని లేవాలి. కూర్చునేటప్పుడు కుర్చీ కాళ్ళకు తగిలాక మూడు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా.

కుర్చీ ఎత్తు తక్కువైతే మొదట్లో గట్టి దిండు వేయండి. లేవడం వచ్చాక దిండు తీసేయండి. భోజనానికి ముందు ఐదుసార్లు, ఇష్టమైన సీరియల్లో ప్రకటనలు వచ్చినప్పుడల్లా మూడుసార్లు. ప్రత్యేకంగా టైం కేటాయించాల్సిన పనే లేదు.

5. కాలూ చెయ్యీ పడిపోయినప్పుడు

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు ఇల్లంతా మనుషులుంటారు. పసరు మందు ఒకరు చెబుతారు, పావురం రక్తం ఒకరు చెబుతారు. వాళ్ళ మంచితనాన్ని శంకించక్కర్లేదు. కానీ మొదటి మూడు నెలలు మెదడు అన్నింటికన్నా వేగంగా కోలుకునే కాలం. దాన్ని ఊళ్ళు తిరగడానికి ఖర్చు చేయకండి. మూడు నెలలు దాటిపోయాయా? నిరాశ వద్దు. ఆ తర్వాత మెల్లగానైనా మెరుగుపడతారు, ఏడాది దాటాక కూడా. ఆపకుండా చేయించడమే మీ వంతు.

ఇంట్లో జరిగే తప్పుల్లో మొదటిది, పడిపోయిన చెయ్యి పట్టుకుని లేపడం. భుజం కీలును పట్టి ఉంచేవి కండరాలే. అవి వదులైపోయినప్పుడు చెయ్యి పట్టి లాగితే కీలు జారుతుంది, భుజం నొప్పి మొదలవుతుంది, ఆ నొప్పికి ఇక చెయ్యి ముట్టనివ్వరు. మంచం మీద తిప్పేటప్పుడు ఒక చెయ్యి భుజం ఎముక వెనక, ఇంకో చెయ్యి తుంటి మీద వేసి దొర్లించండి. కూర్చోబెట్టినప్పుడు ఆ చెయ్యి ఒళ్ళో వేలాడకుండా కింద దిండు పెట్టండి. గుమ్మానికి తాడూ కప్పీ కట్టి పడిపోయిన చెయ్యిని పైకి లాగించే అలవాటు ఉంది, అదీ వద్దు.

రెండోది, మెత్తటి బంతి. చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఒకటి తెచ్చిస్తారు, పిసకమంటారు. పక్షవాతం వచ్చిన చేతికి వేళ్ళు ముడుచుకుపోవడం తనంత తానే వస్తుంది. కష్టమంతా తెరవడంలో ఉంది. థెరపిస్టు ప్రత్యేకంగా చెబితే తప్ప బంతి పక్కన పెట్టి, వేళ్ళు చాపించడం, అరచెయ్యి బల్ల మీద పరిచి దాని మీద కొంచెం బరువు ఆనించడం అడిగి నేర్చుకోండి.

మూడోది అందరికీ తెలియనిది. పక్షవాతం వచ్చినవాళ్ళలో కొందరికి ఆ వైపు ప్రపంచమే ఉన్నట్టు తోచదు, ముఖ్యంగా ఎడమ వైపు పడిపోయినప్పుడు. కంచంలో ఎడమ సగం అన్నం అలాగే వదిలేస్తారు. గడ్డం ఒక వైపే గీసుకుంటారు. మొండితనం అనుకుని కసురుకోకండి. ఆ వైపు కూర్చుని మాట్లాడండి, మంచినీళ్ళ గ్లాసు ఆ వైపు పెట్టండి, ఆ చేతిని నిమరండి. ఇలా జరుగుతోందని డాక్టరుకూ చెప్పండి.

కొంచెం కదలిక వచ్చాక? మంచి చేత్తో అన్నీ అయిపోతుంటే పాడైన చేతిని మెదడు క్రమంగా మర్చిపోతుంది. ఎడ్వర్డ్ టాబ్ అనే అమెరికా శాస్త్రవేత్త దీన్ని పట్టుకున్నాడు. మంచి చేతికి తొడుగు వేసి, బలహీనమైన చేత్తోనే రోజూ గంటల తరబడి పనులు చేయించే పద్ధతి ఆయన పరిశోధనల నుంచే వచ్చింది. 2006లో అమెరికాలో వెలువడిన పెద్ద పరీక్ష ఫలితాలు కూడా ఈ పద్ధతి పనిచేస్తుందనే చెప్పాయి. మణికట్టూ వేళ్ళూ కాస్తయినా వెనక్కి కదులుతున్నవాళ్ళకే ఇది కుదురుతుంది. కదలికే లేనివాళ్ళకు అద్దం సాధన ఉంది. బలహీనమైన చెయ్యి అద్దం వెనక దాచి, మంచి చెయ్యి కదుపుతూ అద్దంలోకి చూస్తారు. పడిపోయిన చెయ్యే కదులుతున్నట్టు కంటికి కనబడుతుంది. తమిళనాడులో పుట్టిన వి.ఎస్. రామచంద్రన్ 1990లలో, చెయ్యి తీసేశాక కూడా లేని చేతిలో నొప్పి పడేవాళ్ళ కోసం మొదలుపెట్టిన పద్ధతి ఇది. రెండూ థెరపిస్టు దగ్గర నేర్చుకుని మొదలుపెట్టాల్సినవే.

నీళ్ళు తాగితే పొలమారుతోందా? ఇది చిన్న విషయం కాదు. ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. పడుకోబెట్టి తాగించకండి, ఆ రోజే డాక్టరుకు చెప్పండి.

6. వణుకుడు జబ్బు

పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళు గుమ్మం దగ్గరకు రాగానే కాళ్ళు నేలకు అంటుకుపోయినట్టు ఆగిపోతారు. "పద, పద" అని వెనక నుంచి తోయకండి, పడిపోతారు. ఆగనివ్వండి. బరువు కుడికీ ఎడమకీ ఊపమనండి. తర్వాత "ఒకటి, రెండు, మూడు" అంటూ పెద్ద అడుగు వేయమనండి. గుమ్మం ముందు నేల మీద రంగు టేపుతో అడ్డగీతలు వేస్తే, ఆ గీతలు దాటుతూ చక్కగా నడిచేస్తారు. తాళం ఉన్న పాట పెట్టినా అంతే. నడుస్తున్నప్పుడు కబుర్లు వద్దు. మాట్లాడాలంటే నడక ఆపేసేవాళ్ళు పడిపోయే అవకాశం ఎక్కువని 1997లో ఒక స్వీడన్ అధ్యయనం తేల్చింది. మాత్ర బాగా పనిచేస్తున్న వేళ చూసుకుని వ్యాయామం చేయించండి.

7. కళ్ళు తిరుగుతున్నాయా?

పక్క మీద అటు నుంచి ఇటు తిరిగితే గది గిర్రున తిరుగుతుంది. అటక మీది డబ్బా కోసం తలెత్తితే మళ్ళీ అంతే. నిమిషంలోపే తగ్గిపోతుంది. "సర్వైకల్" అనుకుని మెడకు కాలర్ కట్టుకుని నెలలు గడిపేస్తారు. ఇలా తల కదిపినప్పుడే వచ్చే తిరుగుడు చాలావరకు లోపలి చెవి సమస్య. అక్కడ ఉండే సన్నటి సున్నపు రేణువులు చోటు తప్పి, ఉండకూడని గొట్టంలోకి జారతాయి. ఏ చెవిలోనో పరీక్షించి, తలను ఒక వరసలో తిప్పి వాటిని వెనక్కి పంపించేస్తారు. జాన్ ఎప్లీ అనే అమెరికా డాక్టరు కనిపెట్టిన ఈ పద్ధతి చేయడానికి కొద్ది నిమిషాలు చాలు. ఏళ్ళ తరబడి మాత్రలు మింగుతున్నవాళ్ళు ఒక్కసారి చెవి డాక్టరుకో, ఈ పని తెలిసిన ఫిజియోథెరపిస్టుకో చూపించుకోండి.

తిరుగుడుతో పాటు మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనబడటం, మూతి వంకర పోవడం, నిలబడలేకపోవడం ఉంటే? వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. అది పక్షవాతం కావచ్చు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు గడువు నాలుగున్నర గంటలే.

ఇంకో రకం ఉంది. తిరుగుడు ఉండదు, కానీ మొహం కడుక్కుంటూ కళ్ళు మూసుకోగానే ముందుకు తూలతారు. చీకట్లో గోడ పట్టుకోనిదే నడవలేరు. మనం నిలబడటానికి కళ్ళు, లోపలి చెవి, పాదాల స్పర్శ మూడూ కబురందిస్తాయి. షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్ళు కళ్ళ మీద ఆధారపడతారు. కళ్ళు మూస్తే ఆ ఆధారమూ పోతుంది. వీళ్ళకు మందు కన్నా ముందు కావలసింది రాత్రి వెలిగే బల్బు.

8. ఇంట్లో ఈ వారమే మార్చాల్సినవి

బాత్రూమ్ గోడకు గట్టి పట్టుకమ్మీ బిగించండి. తువ్వాలు కమ్మీని నమ్ముకుంటే మనిషితో పాటు అదీ ఊడొస్తుంది. బకెట్టు పక్కన స్టూలు వేయండి, వంగి నీళ్ళు ముంచుకునే పని తప్పుతుంది. జారే పట్టలు తీసేయండి. గడప అంచుకు మెరిసే రంగు టేపు అంటించండి. హవాయి చెప్పుల బదులు వెనక పట్టీ ఉన్నవి కొనండి. చీర కుచ్చిళ్ళూ పంచె అంచూ నేలకు తగలకుండా చూడండి. రాత్రి లేచినప్పుడు మంచం అంచున ఒక నిమిషం కూర్చుని, పాదాలు కిందికీ పైకీ ఆడించి, అప్పుడు నిలబడాలి. పడుకున్నవాళ్ళు దిగ్గున లేస్తే బీపీ పడిపోవచ్చు.

ఇవన్నీ పడకుండా కాపాడేవి. పడని ఒళ్ళు తయారు కావాలంటే వ్యాయామం కావాలి. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో తయారైన ఒక ఇంటి వ్యాయామ పద్ధతి వృద్ధులు పడిపోవడాన్ని దాదాపు మూడో వంతు తగ్గించింది. అందులో ఉన్నవి కాళ్ళకు బలమిచ్చే వ్యాయామాలు వారానికి మూడుసార్లు, నిలకడ సాధన, నడక. అంతే. వంటింటి గట్టు పట్టుకుని మడమలు లేపడం, పక్కకు కాలు చాపడం, ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి నిలబడటం ఈరోజే మొదలుపెట్టొచ్చు. గట్టు అందుబాటులో ఉండాలి, పక్కన మనిషి ఉండాలి.

9. పడిపోయారు, ఇప్పుడేం చేయాలి?

పరుగున వచ్చి చంకలు పట్టి లేపకండి. ఒక నిమిషం అలాగే ఉండనివ్వండి. ఎక్కడ నొప్పో అడగండి. తుంటి దగ్గర నొప్పి ఉండి, కాలు పొట్టిగా, పాదం బయటకు తిరిగి కనబడితే కదిలించకుండా అంబులెన్స్‌కు 108కి ఫోన్ చేయండి. దెబ్బేమీ లేకపోతే పక్కకు తిరిగి, చేతులూ మోకాళ్ళ మీదికి వచ్చి, కుర్చీ దాకా పాకమనండి. కుర్చీ పట్టుకుని బలమైన కాలు ముందు నిలిపి లేస్తారు. తలకు దెబ్బ తగిలి, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే, పైకి ఏమీ కనబడకపోయినా డాక్టరుకు చూపించాల్సిందే.

10. ఆదివారం కొలత

మెరుగవుతున్నారో లేదో రోజూ చూసేవాళ్ళకు తెలియదు. అందుకే వారానికోసారి కొలవండి. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు గుండెల మీద కట్టుకోమని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. అమెరికాలో వాడే కొలత ప్రకారం 70 నుంచి 74 ఏళ్ళ ఆడవాళ్ళు పదిసార్ల కన్నా, మగవాళ్ళు పన్నెండుసార్ల కన్నా తక్కువ లేస్తే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు. చేతుల సాయం లేకుండా లేవలేకపోతే ఆ వారానికి సున్నా రాయండి, దానికి సిగ్గుపడక్కర్లేదు. రెండో కొలత: కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు మామూలుగా నడిచి, వెనక్కి తిరిగొచ్చి కూర్చోవడం. 12 సెకన్లు, అంతకు మించి పడితే నిలకడ మీద ఇంకా పని చేయాలి.

ఈ రెండు అంకెలూ గోడ క్యాలెండర్లో ఆ ఆదివారం గడిలో రాయండి. నాలుగు వారాలకు అంకె కదలకపోతే ఆ క్యాలెండరు థెరపిస్టుకు చూపించి, వ్యాయామం మార్చాలా, మోతాదు పెంచాలా, ఇంకేదైనా జబ్బు అడ్డుపడుతోందా అని అడగండి. కదిలితే కూడా చూపించండి. చేసినవాళ్ళకు ముందు చూపించండి.